ఎడమ కుర్చీలో అప్పీలక్క

అప్పీలక్క అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. అక్కడ తప్ప మరెక్కడా వినబడదు. ఆ మారుపేరు ఎవరు పెట్టారన్న విషయంలో రెండు కథనాలున్నాయి. హాస్టల్ వార్డెను పెట్టారని కొందరంటారు, తోటి విద్యార్థులు పెట్టారని మరికొందరు. ఇరుపక్షాలనూ విడివిడిగా అడిగాను. ఇద్దరూ తమ పనేనని ఒప్పుకున్నారు, అదీ గర్వంగా. కనుక దీన్ని ఉమ్మడి నేరంగా పరిగణించి ముందుకు సాగుతాను.

న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసిన తరువాత విశ్వవిద్యాలయం వారు నన్ను విద్యార్థుల అప్పీళ్ళ కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. ఆ కుర్చీలోంచి కళ్ళారా చూసినది కొంత, ఆమె తల్లినీ స్నేహితులనూ అడిగి రూఢి చేసుకున్నది కొంత ఇక్కడ రాస్తున్నాను. రూఢి కానిదాన్ని వదిలేశాను. అయినా ఇంత మిగిలింది.

తల్లి దర్జీ. బస్టాండు వెనక వీధిలో, చెప్పుల కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య ఆమె దుకాణం. తలుపు పూర్తిగా తెరిస్తే లోపలికి పోవడానికి చోటు మిగలదు. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, మేకులకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు, కాజాలు కుట్టవలసిన కోట్లు. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. రోజంతా ప్రయాణికుల తిట్లు తిని ఇంటికి చేరేసరికి ఆయనకు తగువులంటే మొహం మొత్తి ఉండేది. పిల్లలు కొట్టుకుంటుంటే, “మీ అమ్మ కోర్టు తెరిచే ఉంది, అక్కడికి పొండి” అనేవాడు.

ఆ కోర్టుకు ఒక పద్ధతి ఉండేది. మిషనుకు కుడివైపున ఒక స్టూలు, ఎడమవైపున ఒక స్టూలు. తగువు తెచ్చినవాళ్ళు కుడి స్టూలు మీద కూర్చుని తమ గోడు చెప్పుకోవచ్చు. ఆ వెంటనే ఎడమ స్టూలు మీదికి మారి, అవతలివాళ్ళ గోడు కూడా తామే చెప్పాలి. అవతలివాళ్ళు తలూపి, “ఔను, నా బాధ ఇదే” అన్నాకే తీర్పు. ఇంతసేపూ తల్లి కాలు మిషను మీద ఆడుతూనే ఉండేది. ఈ పద్ధతిని ఆమె ఎక్కడా నేర్చుకోలేదు. ఇద్దరూ ఒకేసారి అరిస్తే కుట్టు వంకరపోతుందని పెట్టిందట.

ఒకసారి అప్పీలక్క రంగుల డబ్బాను వాళ్ళన్న తొక్కి నాశనం చేశాడు. ఈమె కుడి స్టూలు మీద ఏడ్చి, ఎడమ స్టూలు మీదికి మారింది.

“వాడి చేతిలో నీళ్ళ బిందె ఉందమ్మా. కింద ఏముందో ఎలా కనబడుతుంది? పైగా డబ్బాను గడప దగ్గర పెట్టింది నేనే. గడప దగ్గర ఎవరైనా డబ్బా పెడతారా? వాడు పడి ఉంటే? మోచిప్ప పగిలి ఉంటే?”

“అయితే తప్పెవరిది?”

“నాదే… అయ్యో, కాదు! ఆగమ్మా, స్టూలు మారతాను!”

“తీర్పయిపోయింది. ఆ కిందపడ్డ బొత్తాలు ఏరు.”

“అది ఎడమ స్టూలెక్కిందంటే శివమెత్తినట్టేనండీ,” అని తల్లి నాతో చెప్పింది. “దించడం నా వల్ల కూడా కాదు.”

అలాంటి పిల్ల గణాంకశాస్త్రం చదవడానికి విశ్వవిద్యాలయానికి వచ్చి హాస్టల్లో చేరింది. మూడో అంతస్తు కుళాయిల్లో పొద్దున పూట నీళ్ళు రావు. అంతకుముందు వెళ్ళిన అర్జీలన్నీ శాపనార్థాలే. ఈమె రాసిన అర్జీ ఇలా ఉంది: “అయ్యా, మోటారు బాగుచేయడానికి తమరు మెకానిక్కును పిలిపించిన మాట నిజం. అతను రాని మాట నిజం. తమరు నడుం నొప్పితోనే మేడెక్కి చూసిన మాట కూడా నిజం. అయినా నీళ్ళు రావడం లేదు.” తన నడుం నొప్పిని ఒకరు గుర్తించడం వార్డెనుకు ఉద్యోగంలో అదే మొదలు. ఆయన ఆ కాగితం పట్టుకుని తానే మెకానిక్కు ఇంటికి వెళ్ళి, మనిషిని స్కూటరు మీద ఎక్కించుకుని వచ్చారు. నీళ్ళొచ్చాయి. పేరొచ్చింది. తరువాతి విద్యార్థి ప్రతినిధి ఎన్నికల్లో ఆమె తానుగా పోటీ చేయలేదు. తోటివాళ్ళే పేరు రాసి, ప్రచారం చేసి, గెలిపించి, ఆ తరువాత ఆమెకు చెప్పారు.

విద్యార్థి సంఘానికి ఇచ్చిన గది మెట్ల కింద ఉంది. పూర్వం ఆట సామాను పెట్టేవారు కాబట్టి ఇప్పటికీ చిరిగిన వలల వాసన వస్తుంది. అందులో ఒక బల్ల వేసి, కుడివైపున ఒక కుర్చీ, ఎడమవైపున ఒక కుర్చీ వేయించింది. ఏ విద్యార్థి కష్టం వచ్చినా ముందు అక్కడ వాదన జరగాలి. కుడి కుర్చీ విద్యార్థిది, ఎడమ కుర్చీ విశ్వవిద్యాలయానిది. ఎడమ కుర్చీలో ఎప్పుడూ ఆమే. కుడి కుర్చీలో ఉపప్రతినిధి. అతణ్ణి అందరూ మైకు అంటారు. మైకు అవసరమే లేని గొంతు గనుక ఆ పేరు. అతను రహస్యం చెబితే రెండు వరండాలు వింటాయి.

ఆ సంవత్సరం ఆ గదిలోకి ఒక తల్లి వచ్చింది. రసాయనశాస్త్రం ఆఖరి సంవత్సరం విద్యార్థిని. చంకలో ఏడాది నిండని కొడుకు. ప్రాక్టికల్ పరీక్ష నాటి పొద్దున బిడ్డకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. భర్త వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. ఆమె బిడ్డ మంచం పక్కనే కూర్చుండిపోయింది. పరీక్ష పోయింది. పరీక్ష తప్పినవారికి మళ్ళీ పెట్టాలంటే విద్యార్థి స్వయంగా ఆసుపత్రిలో చేరి ఉండాలని నిబంధన. బిడ్డ చేరితే చాలదు. అంటే ఏడాది పోయినట్టే. ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆమెకు ఉద్యోగం ఖాయమై ఉంది, ఈ ఏడు పట్టా చేతికొస్తేనే. ఏడాది పోతే ఆ ఉద్యోగమూ పోతుంది.

“అప్పీలు చేద్దాం,” అంది అప్పీలక్క.

“గెలుస్తామా అక్కా?”

“కంట్రోలర్ గారు ఎదురు కూర్చుంటారు. ఆయన్ని దాటాలి.”

పరీక్షల కంట్రోలర్ గారిని గురించి న్యాయంగా చెప్పాలి. నిజాయితీపరుడు, కష్టజీవి, ప్రశ్నపత్రం బయటికి పొక్కనివ్వని మనిషి. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. విద్యార్థి ప్రతినిధి నోట వచ్చిన ఏ మాటకూ ఆయన తన ఉద్యోగకాలంలో ఔనని ఎరుగడు. “ఈరోజు ఎండగా ఉంది సార్” అని ప్రతినిధి అంటే గొడుగు తీసుకుని బయలుదేరే రకం.

అప్పీలక్క వాదన సాధన మొదలుపెట్టింది. ఎడమ కుర్చీలో కూర్చుని కంట్రోలర్ అయిపోయింది. మైకు కుడి కుర్చీలో తల్లి తరఫున అరిచాడు, ఓడిపోయాడు. మర్నాడు ఇంకా గట్టిగా అరిచాడు, ఇంకా చిత్తుగా ఓడిపోయాడు. పందెం కోసం కాదు, అసలు విచారణలో ఆ వాదన గెలవాలనే ఆమె అంత పట్టుదలగా ఓడించింది. వారమంతా ఇదే తంతు. చివరికి ఆ తల్లికి ఏడుపొచ్చింది.

“అక్కా, ఇంతకీ నువ్వు వాళ్ళ తరఫా, మా తరఫా?”

“ఈ కుర్చీలో ఉన్నంతసేపూ వాళ్ళ తరఫే. అక్కడ కుడి కుర్చీలో కూర్చుంటాను కదా, అప్పుడు చూడు తమాషా.”

“నేనైతే ఇప్పుడే ఓడిపోయి ఇంటికెళ్ళిపోతా,” అన్నాడు మైకు. “నాకు నేనే నచ్చడం లేదు.”

విచారణ నాడు మా హాలుకు రంగులు వేస్తున్నారు. అందుకని భూగోళశాస్త్రం వారి పటాల గదిలో కూర్చున్నాం. నాలుగు గోడల మీదా చుట్టలు చుట్టిన పటాలు. నా పక్కన కమిటీ సభ్యురాలు, వృక్షశాస్త్రం ప్రొఫెసరు. కంట్రోలర్ గారు అందరికన్నా ముందే వచ్చి, ఫ్యాను గాలి తగులుతుందని కుడివైపు కుర్చీ ఆక్రమించుకున్నారు. అప్పీలక్క వచ్చేసరికి బల్లకు ఎడమవైపున ఒక్క కుర్చీ మిగిలింది. వచ్చి అందులో కూర్చుంది. తల్లీ బిడ్డా గోడవారగా బెంచీ మీద, వారి పక్కన మైకు.

“విద్యార్థిని తరఫువారు మొదలుపెట్టవచ్చు,” అన్నాను.

ఆమె లేచి నిలబడింది. కళ్ళజోడు సర్దుకుంది.

“అధ్యక్షా, ఈ అప్పీలును కొట్టివేయాలి.”

(అదేదో పెద్ద ఎత్తుగడ అనుకున్నానని మైకు తరువాత నాతో చెప్పాడు. ఆ నమ్మకం అతనికి మరో రెండు వాక్యాల వరకూ నిలిచింది.)

“విద్యార్థి స్వయంగా ఆసుపత్రిలో చేరి ఉండాలని నిబంధన. ఈమె చేరలేదు. ఈరోజు కొడుక్కి ఆయాసమంటే ఒప్పుకుంటాం. రేపు తాతగారికి దగ్గంటారు. ఎల్లుండి పిల్లికి తుమ్మంటారు! పరీక్ష విద్యార్థికా, వంశవృక్షానికా?”

వృక్షమన్న మాట చెవినబడి ప్రొఫెసరు గారు తలెత్తారు.

“అదే రోజు జ్వరంతో వచ్చి పరీక్ష చేసినవాళ్ళున్నారు. వాళ్ళకేం సమాధానం చెబుదాం? రూలుకు గుండె ఉండకూడదు అధ్యక్షా. గుండె లేకపోవడమే దాని గొప్పతనం!”

బెంచీ మీద తల్లి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. మైకు ఇక ఉండబట్టలేక రహస్యంగా హెచ్చరించాడు. వరండా చివర నీళ్ళు తాగుతున్నవాళ్ళు కూడా విన్నారు.

“అక్కా! కుర్చీ! కుర్చీ చూసుకో! కంచే చేను మేస్తోంది!”

ఆమె వినలేదు. ఎడమవైపు కూర్చుంటే ఆమెకు అవతలి పక్షం తప్ప మరేదీ వినబడదు. కానీ ఆమె వాక్యం పూర్తి కాకముందే కంట్రోలర్ గారు కుర్చీలోంచి లేచారు. విద్యార్థి ప్రతినిధి ఏదో అన్నది. ఆయన శరీరం దాన్ని ఖండించక మానదు.

“అభ్యంతరం!”

ఆ మాటకు చంకలోని బిడ్డ కిలకిలా నవ్వాడు.

“రూలుకు గుండె లేదంటావేంటమ్మా? ఆ రూలు రాసింది నేను!”

“ఎవరు రాసినా రూలు రూలే సార్.”

“నాకు రూలు నేర్పుతావా? అది రాసిననాడు విద్యార్థి అంటే హాస్టల్లో ఒంటరిగా ఉండే కుర్రాడే నా కళ్ళముందున్నాడు. బిడ్డనెత్తుకుని చదువుకునే తల్లి కూడా వస్తుందని నాకు తట్టలేదు. తట్టి ఉంటే రాసేవాణ్ణి కానా?”

“తట్టకపోవడం ఈమె పరీక్ష మానడానికి కారణం కాదు.”

“అభ్యంతరం!” బిడ్డ మళ్ళీ నవ్వాడు, ఈసారి కాళ్ళు కూడా తన్నుకుంటూ. “తట్టకపోవడం నా తప్పు. నా తప్పుకు ఆ పిల్ల ఏడాది ఎందుకు పోవాలి?”

“మరి జ్వరంతో వచ్చినవాళ్ళో?”

“జ్వరం తనదైతే మనిషి ఓర్చుకుని వస్తాడు. ఊపిరాడని పసివాణ్ణి మంచం మీద వదిలేసి రమ్మని ఏ రూలు చెబుతుందమ్మా? మా ఆఫీసులో గుమాస్తా కూతురికి జబ్బు చేస్తే సెలవు మీద నేనే సంతకం పెట్టాను. గుమాస్తాల పిల్లలే పిల్లలా? విద్యార్థుల పిల్లలు పిల్లలు కారా?”

మైకు చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడుకు అప్పీలక్క తల తిప్పింది. మైకును చూసింది, తల్లిని చూసింది, తన కుర్చీని చూసింది. చేయి నోటి మీదికి పోయింది.

“అయ్యయ్యో… సార్, నేను… ఈ కుర్చీ… నేను అటువైపు…”

“కూర్చో తల్లీ, కూర్చో,” అన్నారు ప్రొఫెసరు గారు ఆమె చెయ్యి పట్టి లాగుతూ. “ఆయన గాడిలో పడ్డారు. చెడగొట్టకు.”

కంట్రోలర్ గారు నిజంగానే గాడిలో పడ్డారు. తల్లుల గురించి, తాను రాసిన పాత నిబంధనల గురించి, చట్టం ఉన్నది మనిషి కోసమని తన గురువు చెప్పిన మాట గురించి ధారాళంగా మాట్లాడి, “కాబట్టి ఈమెకు మళ్ళీ ప్రాక్టికల్ పెట్టి తీరాలి!” అని బల్ల గుద్ది కూర్చున్నారు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగసాగారు. సగం గ్లాసు దగ్గర ఆగిపోయారు.

“నేనిప్పుడు ఏమన్నాను?”

ముందు ప్రొఫెసరు గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తరువాత తల్లి, కన్నీళ్ళు తుడుచుకుంటూనే. ఇక ఎవరినీ ఆపడం సాధ్యం కాలేదు. మైకు నవ్వాపుకోలేక వెనక్కి ఆనితే గోడ మీది ప్రపంచపటం సర్రున విప్పుకుని అతని నెత్తిన పడింది. సముద్రాల కింద నుంచి అతని నవ్వు వినబడుతూనే ఉంది. గదిలో క్రమశిక్షణ కోసం నేను బల్ల మీద గట్టిగా చరిచాను. బిడ్డకు అదీ ఆటే అయింది. మళ్ళీ చరచమని చేతులు చాచాడు. చివరికి కంట్రోలర్ గారి భుజాలు కూడా కదలడం మొదలైంది. గ్లాసులో మిగిలిన నీళ్ళు ఎటు పోయాయో రాయడం మర్యాద కాదు.

నవ్వు తగ్గాక విచారణ కొనసాగించాను. వాదన ఎవరి నోట వచ్చిందన్నది సాక్ష్యం కాదు. అది నిజమా కాదా అన్నదే ప్రశ్న.

“కంట్రోలర్ గారూ, మీరన్నదాంట్లో అబద్ధమేమైనా ఉందా?”

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. “లేదండీ. అంత కోపంలో అబద్ధం తోచదు.”

“ఏదైనా వెనక్కి తీసుకుంటారా?”

“ఆ గుండె లేదన్న మాట ఆ అమ్మాయి వెనక్కి తీసుకుంటే…”

“తీసుకున్నాను సార్!” అంది అప్పీలక్క. “కానీ జ్వరంతో వచ్చినవాళ్ళ మాట మాత్రం వెనక్కి తీసుకోను సార్. అది న్యాయమైన మాట. అందుకే ఈమెకు పాత ప్రయోగం వద్దు, కొత్తది ఇవ్వండి. కాస్త కష్టమైనదే ఇవ్వండి.”

“అక్కా!” అంది తల్లి గాభరాగా. “నువ్వు మళ్ళీ అటెళ్ళిపోతున్నావు!”

మళ్ళీ నవ్వులు. బిడ్డను ఆనాడు చేర్చుకున్న మాట, తల్లి పక్కనే ఉన్న మాట ఆసుపత్రి డాక్టరు ముందే ధ్రువపరిచారు గనుక ఇక సందేహానికి చోటు లేదు. మళ్ళీ పరీక్ష పెట్టాలి; కొత్త ప్రయోగం ఇవ్వాలి; బయటి పరీక్షకుడు రావాలి; నిబంధనను మార్చి రాయాలి, రాసే పని కంట్రోలర్ గారికీ అప్పీలక్కకూ ఉమ్మడిగా అప్పగించాలి. ఇదీ తీర్పు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చునని లాంఛనంగా అడిగాను. కంట్రోలర్ గారు నోరు తెరిచి, బిడ్డ వైపు చూసి, మూసుకున్నారు.

కానీ తీర్పు రావడం వేరు, పరీక్ష గట్టెక్కడం వేరు. ఆ తల్లి నెలల తరబడి పరికరాలు ముట్టుకోలేదు. పాలసీసా పట్టీ పట్టీ చెయ్యి, రంగు లేతగా తిరిగే చుక్క దగ్గర ఆపవలసిన బ్యూరెట్టును మరచిపోయిందని ఆమె భయం. పరీక్షనాడు ఏర్పాట్లు చూడవలసిన బాధ్యత కమిటీదే కనుక నేనూ ప్రయోగశాల బయట వరండాలో ఉన్నాను. పిల్లలను లోపలికి రానివ్వరు. బిడ్డను అప్పీలక్క ఎత్తుకుంది. కంట్రోలర్ గారు పర్యవేక్షణ పేరుతో వచ్చి, ఆమె పక్కనే నిలబడ్డారు.

“అలాగేనా పిల్లాణ్ణి పట్టుకునేది? మెడ కింద చెయ్యి పెట్టాలి.”

“మెడ నిలబడ్డ పిల్లాడు సార్.”

“నీకు తెలుసా, నాకు తెలుసా? నలుగురు మనవల్ని ఆడించినవాణ్ణి. ఇటివ్వు.”

ఇచ్చింది. బిడ్డ ఆయన భుజం మీదికి ఎక్కి కళ్ళజోడు పరిశీలించడంలో పడ్డాడు. తలుపుకున్న అద్దంలోంచి మైకు లోపలికి చూస్తూ, తన దృష్టిలో గుసగుసగా, ఎప్పటికప్పుడు చెబుతున్నాడు.

“బ్యూరెట్టు తిప్పింది… చుక్క పడింది… ఇంకోటి… చెయ్యి వణుకుతోందక్కా… లేదు, ఆగింది… ఊపుతోంది… ఏం రంగూ రాలేదు… వస్తోంది వస్తోంది… పోయింది!”

పరీక్షకుడు తలుపు తెరిచారు. “బాబూ, కామెంటరీ ఆపుతావా? లోపల నాకే చెయ్యి వణుకుతోంది.”

తరువాత మైకు నోటికి తన రెండు చేతులూ అడ్డుపెట్టుకున్నాడు. అప్పీలక్క గోళ్ళు కొరికింది. కంట్రోలర్ గారు బిడ్డ వీపు తట్టడం మానేసి, తన వీపు తానే తట్టుకునే ప్రయత్నంలో ఉన్నట్టు మెలికలు తిరిగారు. లోపల గాజు గాజుకు తగిలిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. పరీక్షకుడి గొంతు, ఏదో అడిగి, ఏదో విని, మళ్ళీ ఏదో అడిగి.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు బొత్తాలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని, జుట్టంతా రేగిపోయి, ఆ తల్లి బయటికి వచ్చింది.

“లేత గులాబీ! అక్కా, ఒక్క చుక్కకు తిరిగింది! మూడుసార్లూ ఒకే లెక్క!”

“పాసేనా?” అన్నాడు మైకు, ఈసారి గుసగుస అని అబద్ధమాడకుండా.

వెనక నుంచి పరీక్షకుడు చేతులు తుడుచుకుంటూ, “పాస్. బాగా పాస్,” అన్నారు.

ఆపైన జరిగిన గందరగోళంలో ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో వరుసగా చెప్పడం కష్టం. మైకు పరీక్షకుణ్ణి ఎత్తి దించేశాడు. అప్పీలక్క నవ్వుతూ ఏడుస్తూ నేల మీద కూర్చుండిపోయింది. తల్లి బిడ్డను లాక్కుని చంకలో వేసుకుని, భర్తకు ఫోను చేయడానికి మెట్లవైపు పరుగెత్తింది. కంట్రోలర్ గారి కళ్ళజోడు బిడ్డ గుప్పిట్లో ఉంది. బిడ్డ తల్లి చంకలో ఉన్నాడు. కనుక “ఆగమ్మా, ఆగు, నాకు దారి కనబడ్డం లేదు!” అని నవ్వుతూ, ఒక చెయ్యి గోడకు ఆనించుకుంటూ, కంట్రోలర్ గారు కూడా ఆమె వెంట పరుగెత్తారు.